సోయ్ అనాలా, ఎస్తోయ్ అనాలా: మామయ్యతో స్పానిష్ తగవు

(మేనకోడలు పైచదువుకు స్పెయిన్‌లోని గ్రనాడా వెళ్తోంది. మామయ్య సరకు ఓడల్లో ముప్పై ఏళ్లు వంటవాడిగా పనిచేసి విశాఖలో స్థిరపడ్డాడు. ఆమె గదిలో గోడ మీద క్రియల పట్టికలు.)

మామయ్య: గోడ నిండా ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా... ఇవేం ఎక్కాలమ్మా?

మేనకోడలు: ఆబ్లార్ అంటే మాట్లాడటం. మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాడు. ఇదొక్కటి పట్టుబడితే ‘ఆర్’తో ముగిసే మామూలు క్రియలన్నీ అదే దారిలో వస్తాయి మామయ్యా.

మామయ్య: ఒక్క పట్టికా ముట్టకుండా పెరూలో కయావో, చిలీలో వల్పరాయిసో, స్పెయిన్‌లో అల్హెసీరాస్, అన్ని రేవుల్లోనూ సరుకులు కొన్నాను. ఆగ్వా నీళ్లు, పాన్ రొట్టె, క్వాంతో అంటే ఎంత. ఆకలేసినవాడికి కావలసింది తిండి పేరు. క్రియ తర్వాత చూసుకోవచ్చు.

మేనకోడలు: మీరు “యో కొమేర్ పాన్” అనేవారట, అమ్మ చెప్పింది. “నేను రొట్టె తినుట” అన్నట్టుంటుంది అది.

మామయ్య: రొట్టె దొరికిందా, లేదా?

మేనకోడలు: దొరికింది. కానీ మీ మాటలు ఒక రేవులో చెల్లినట్టు మరో రేవులో చెల్లవు. బంగాళాదుంప పెరూలో పాపా, స్పెయిన్‌లో పతాతా. పండ్లరసం పెరూలో హూగో, స్పెయిన్‌లో థూమో. క్రియల చివర్లు మాత్రం ఎక్కడైనా అవే.

మామయ్య: అవేనా? స్నేహితులను “మీరంతా” అనడానికి స్పెయిన్‌లో బొసోత్రోస్ ఉంది, దానికి ఆబ్లాయిస్ అని వేరే రూపం. లాటిన్ అమెరికాలో అది వినపడదు, అందరికీ ఉస్తెదెస్. బ్వేనోస్ ఐరెస్ వెళ్తే “నీకుంది” అనడానికి తియెనెస్ అనరు, తెనేస్ అంటారు. నీ పట్టికలో ఆ గడి ఉందా?

మేనకోడలు: లేదు. అయినా తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. “వస్తాను” అంటే చాలు, “నేను” అనక్కర లేదు. వాళ్ల వెంగో కూడా అంతే. మనం ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి వెళ్లి, ప్రతి వాక్యానికీ “యో, యో” తగిలిస్తాం. నచ్చడం సంగతి చూడండి. నాకు పండు నచ్చింది, పండ్లు నచ్చాయి. వాళ్లదీ అదే లెక్క: ఒకటైతే మే గుస్తా, ఎక్కువైతే మే గుస్తాన్. ఇంగ్లీషువాళ్లు తలకిందులయ్యేది ఇక్కడే, మనకు పుట్టింటి దారి.

మామయ్య: (కాస్త మెత్తబడి) అది బాగుంది. కానీ నీ గోడకు చెవులున్నాయేమో గానీ నోరు లేదు. పెరో అంటే “కానీ”, పెఱ్ఱో అంటే కుక్క. మూలన పడేసిన మన బండి ఱకు అక్కడ దొరికింది పని! తెంగో అంటే “నాకుంది”, అందులో త మన త లాంటిదే. నువ్వేమో టెంగో అంటున్నావు.

మేనకోడలు: సరే, దిద్దుకుంటాను. మరి మీ సోయ్ లిస్తో కథ?

మామయ్య: అది కూడా చెప్పిందా మీ అమ్మ! సిద్ధమేనా అని రేవు కూలీలు అడిగారు. సోయ్ లిస్తో అన్నాను. పడీపడీ నవ్వారు. నేను గడుసువాణ్ణి అన్నానట.

మేనకోడలు: ఎస్తోయ్ లిస్తో అనవలసింది. ‘ఉండటం’ వాళ్లకు రెండు క్రియలు, సేర్, ఎస్తార్. “నేను” అన్నప్పుడు సేర్ సోయ్ అవుతుంది, ఎస్తార్ ఎస్తోయ్ అవుతుంది. “నేను వంటవాణ్ణి”లో మనకు ‘ఉన్నాను’ రాదు, అక్కడ సేర్. “సిద్ధంగా ఉన్నాను”, “ఇంట్లో ఉన్నాను”, ఇక్కడ ఎస్తార్. తెలుగే చెబుతోంది.

మామయ్య: అయితే “మా తమ్ముడు పొడుగ్గా ఉంటాడు”?

మేనకోడలు: అది... సేర్. ఎస్ ఆల్తో.

మామయ్య: ‘ఉంటాడు’ ఉంది కదా మరి! చనిపోయినవాడు?

మేనకోడలు: ఎస్తా మ్వెర్తో. ఎస్తార్. తాత్కాలికమైతే ఎస్తార్ అని నేర్పేవాళ్లను కూడా ఆ మాట ఇరుకున పెడుతుంది. నా సూత్రం గుమ్మం దాకా తీసుకెళ్తుంది, అంతే.

మామయ్య: సరే, హోటల్లో కూర్చున్నావు. సూప్‌లో ఉప్పెక్కువైంది. చెప్పు.

మేనకోడలు: తేలికే. లా సోపా ఎస్తా... ఎస్తా...

మామయ్య: ఊఁ?

మేనకోడలు: ఉప్పు సాల్ కదా. లా సోపా ఎస్తా సాల్?

మామయ్య: సలాదా. సోపా స్త్రీలింగం, అందుకే చివర ఆ.

మేనకోడలు: పట్టిక ముట్టలేదన్నారు, లింగాలు కూడా తెలుసే!

మామయ్య: ముప్పై ఏళ్లు నా వంటను ఆ మాటే అన్నారమ్మా, తెలియకేం?