అభ్యంతరాలుంటే గడువులోగా తెలుపగలరు

రోడ్లు, బస్సుల ప్లానింగులో కర్నూలు జనానికి పాత్ర లేదంటే నేను ఒప్పుకోను. కావాలంటే రాజ్‌విహార్ సెంటర్లో కాసేపు నిలబడి చూడండి. బస్సు ఎక్కడ ఆగాలో తేల్చేది చెయ్యెత్తినవాళ్లే. నలుగురు రోజూ ఒకేచోట చెయ్యెత్తితే అక్కడ స్టాపు పుడుతుంది. స్టాపు పుట్టాక టీ బండి వస్తుంది. టీ బండి వచ్చాక ఆ స్టాపును కదిలించడం ఏ అధికారి తరమూ కాదు. డివైడర్లో సందు ఎక్కడుండాలో బైకులవాళ్లు చూసుకుంటారు. స్పీడ్ బ్రేకర్ ఎత్తు ఎంతో, ఆ వీధిలో ఇల్లు కడుతున్నాయన దగ్గర మిగిలిన సిమెంటును బట్టి ఉంటుంది. దీన్నే ప్రజా భాగస్వామ్యం అని పేరుపెట్టి పెద్ద ఊళ్లలో ఏసీ హాళ్లలో సదస్సులు జరుపుతారు. మనం సదస్సు ఖర్చు కూడా లేకుండా కానిచ్చేశాం.

చిక్కల్లా ఏమిటంటే, చట్టం ఈ భాగస్వామ్యాన్ని లెక్కలోకి తీసుకోదు. దానికి కాగితం కావాలి, అదీ గడువులోగా.

ప్రభుత్వం మనల్ని అడగదనే నింద కూడా అన్యాయమే. అడుగుతుంది, కాకపోతే మెల్లగా అడుగుతుంది. ఆర్టీసీ రూట్లకు ప్రభుత్వం ఒక పథకం ప్రతిపాదిస్తే, మోటారు వాహనాల చట్టం 1988లోని 99, 100 సెక్షన్ల ప్రకారం దాన్ని గెజిట్‌లోనూ, కనీసం ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ వెయ్యాలి. గెజిట్‌లో వచ్చిన రోజు నుంచి 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఎవరైనా! ఇంతకంటే విశాల హృదయం ఉంటుందా? మాస్టర్ ప్లాన్లకూ ముసాయిదా దశలో అభ్యంతరాలు, సూచనలు అడుగుతారు. ఆ ప్రకటన మనదాకా చేరడం లేదనడం అబద్ధం. ఉగ్గాని బండి దగ్గర మిరపకాయ బజ్జీ కింద పొట్లమై తప్పకుండా చేరుతుంది. నూనె పీల్చిన కాగితంలో వెనక పేజీ కూడా కనిపిస్తుంది కాబట్టి ఇంకా పారదర్శకం. తారీఖు మాత్రం అప్పటికి దాటిపోయి ఉంటుంది.

చదువుకున్నవాళ్లకు ఇంకో దారి ఉంది. ప్లానులో అసలేముందో తెలుసుకుని మరీ అభ్యంతరం చెబుదామని సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెడతారు. జవాబివ్వడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. అభ్యంతరం చెప్పడానికి ఇచ్చిన గడువూ 30 రోజులే. ప్రకటన చూసిన రోజే దరఖాస్తు పెట్టినా, గడువు తప్పని నిజాయితీపరుడైన అధికారి పంపిన జవాబు సరిగ్గా మీ గడువు ముగిసే రోజుకు చేతికందుతుంది. రెండు చట్టాలు ఇంత చక్కగా కలిసి పనిచేయడం మన దేశంలో అరుదు.

జాతీయ రహదారుల సంగతి వేరు. భూమి తీసుకుంటామని నోటిఫికేషన్ వచ్చాక 21 రోజుల్లో అభ్యంతరం చెప్పొచ్చు. కానీ ఆ భూమిలో హక్కు, ఆసక్తి ఉన్నవాళ్లే చెప్పాలి. 44వ నంబరు హైవేకు ఒక పక్క ఇల్లు, ఇంకో పక్క చేను ఉండి, బర్రెల్ని తోలుకుని దాటే మనిషికి ఆ రోడ్డు కింద సెంటు భూమి పోకపోతే ఆయనకు రోడ్డు మీద ఆసక్తి లేనట్టే. లారీల ఆసక్తి మాత్రం ఆయన మీదే ఉంటుంది.

పర్యావరణ అనుమతి కావాల్సిన పెద్ద రోడ్లకు బహిరంగ విచారణ ఉంటుంది. కలెక్టరుగానీ ఆయన తరఫున ఒక సీనియర్ అధికారిగానీ కూర్చుంటారు. ఈ విచారణల పద్ధతి చెప్పే 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది: ఈ విచారణకు కోరం అక్కర్లేదు. అంటే ప్రజలు రాకపోయినా ప్రజాభిప్రాయ సేకరణ మొదలవుతుంది. వస్తే పట్టించుకోరని కాదు, రాకపోయినా పని ఆగదని.

అసలు వచ్చేదెవరు? పనిరోజు పగటిపూట సభ పెడితే కూలికి పోయే మనిషి రాలేడు, కోడుమూరు నుంచి కాలేజీకొచ్చే పిల్ల రాలేదు. బస్సుల గురించిన సభకు కార్లున్నవాళ్లే టైముకు వస్తారు, వచ్చి పార్కింగ్ చాలడం లేదంటారు. సభలో ఏం జరిగిందో రాసుకునే మినిట్స్‌లోకి అదే ఎక్కుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ప్రయాణం ఉచితం. మంచి పనే. బస్సు కోసం ఎదురుచూడటం మొదటినుంచీ ఉచితమే కనుక ఇప్పుడు లెక్క సరిపోయింది. ఏ ఊరికి ఏ టైములో బస్సు కావాలో ఆ ఎదురుచూసేవాళ్లనే అడిగితే ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు, అందుకే అడగరేమో.

ఇక జిల్లా ప్రణాళికా కమిటీ. 74వ రాజ్యాంగ సవరణ దీన్ని తెచ్చింది. పల్లెల ప్లాన్లు, పట్నాల ప్లాన్లు కలిపి జిల్లాకంతటికీ ఒక ముసాయిదా తయారుచేయాలి. సభ్యుల్లో అయిదింట నాలుగు వంతులు ఎన్నికైన స్థానిక ప్రతినిధులే. కాబట్టి మన కార్పొరేటరే మన గొంతు. ఆయన్ని జిల్లా రవాణా గురించి అడిగితే, "మీ సందులో సీసీ రోడ్డు ఏపించినా గదన్నా" అంటాడు. 2022 ఏప్రిల్లో నంద్యాల వేరే జిల్లా అయింది. పెద్దాసుపత్రికి అక్కణ్నుంచి వచ్చే రోగులకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, ఇంకా ఇక్కడికే వస్తున్నారు.

పాల్గొంటే ఏమొస్తుందనే నిరాశావాదులకు కర్నూలు–మంత్రాలయం రైల్వే లైనే జవాబు. దాని మీద రైలు తప్ప అన్నీ నడిచాయి: వినతిపత్రాలు, హామీలు, సర్వేలు.

అయినా పాల్గొనదలిస్తే, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, డిపో మేనేజర్‌తో ఫోన్లో మాట్లాడే 'డయల్ యువర్ డీఎం' ఉంటుంది. "రోడ్డు బాలేదు సార్" అని రాయకండి, అది ఏడుపు కిందకి వస్తుంది. ఏ ప్రకటన, ఏ తేదీ, ప్లానులో ఏ షీటు, ఏ సర్వే నంబరు, దానివల్ల ఎవరు ఎటు నుంచి ఎటు పోలేరు, బదులుగా ఏం చేయొచ్చు అని రాస్తే అది అభ్యంతరం. రెండు కాపీలు తీసి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. రేపు కోర్టుకెళ్లినా పనికొచ్చేది ఆ స్టాంపే. కింద ఫోన్ నంబరు మర్చిపోవద్దు. మీ సమస్య పరిష్కారమైందని మెసేజ్ పెట్టడానికి వాళ్లకు కావాలి.