కోఠీ స్తంభాలకే వారసత్వ హోదానా?

హైదరాబాద్‌లో వారసత్వ కట్టడం అనగానే కోఠీ రెసిడెన్సీ గుర్తొస్తుంది. నిజాం దర్బారులోని బ్రిటిష్ రెసిడెంట్ కోసం 1803లో పని మొదలైన భవనం, ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, రాతి సింహాలు. దాని మరమ్మతుకు విదేశీ సాయం కూడా అందింది, మంచిదే. దానికి దగ్గర్లోనే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే పాత తెలుగు గ్రంథాలయం ఉంది. శిల్పకళలో దానికి, రెసిడెన్సీకి పోలికే లేదు. అయినా తెలుగువాళ్లకు ఇదే పెద్ద కట్టడం అంటాను.

1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో నిలయం మొదలవడం, దాని వెనుక కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఉండటం తెలిసిన కథే. సొంత భవనం 1921లో వచ్చింది. మనవాళ్లు పెద్దగా పట్టించుకోనిది దాని చిరునామా. సుల్తాన్ బజార్‌తో సహా రెసిడెన్సీ చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లు 1933 దాకా బ్రిటిష్ వాళ్ల అధీనంలో ఉండేవి. నిజాం ఏలుబడిలో సభ పెట్టాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అడ్డొచ్చే రోజులు చూసిన నగరం ఇది. ఇంగ్లిష్ దొరల బజారులో తెలుగు నిలదొక్కుకుంది! అదే 1921 నవంబర్‌లో వివేకవర్ధిని విద్యాసంస్థలో జరిగిన సభలో అల్లంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే హేళన చేశారు. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర జనసంఘం పుట్టుకకు ఆ అవమానమే కారణం. భాషకు సొంత గోడలు ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? గుమ్మటాలు, కమానులు లెక్కపెట్టి హోదా ఇచ్చే పద్ధతికి ఇదంతా కనపడదు.

పాఠకులు తగ్గారు, పుస్తకాలన్నీ స్కాన్ చేసేస్తే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. స్కాన్ చేయాల్సిందే, కాదనను. కానీ నలుగురూ కూర్చుని వాదించుకునే చోటును ఏ స్కానర్ దాస్తుంది?

అసలు జబ్బు వేరే ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసుకుని జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయవన్న ఫిర్యాదు ఏళ్లుగా వింటున్నదే. పేపర్ల బిల్లులు, కరెంటు బిల్లులు పెండింగ్‌లో పెట్టి పఠనాసక్తి తగ్గిందని వాపోవడం పాలకులకు అలవాటైంది. పుస్తకం పేరు చెప్పి తీసుకున్న డబ్బు రోడ్లకో జీతాలకో పోతే అది దారి మళ్లింపే. వసూలైన సెస్సు ఎంత, జమ చేసింది ఎంత అన్నది ప్రతి మున్సిపాలిటీ ఏటా బయటపెట్టాలి. సంఘాలు నడిపే ఇలాంటి పాత గ్రంథాలయాల మరమ్మతుకు అందులోంచి కచ్చితమైన వాటా కేటాయించాలి.