హంతకుడికి ఉచితం, చీరలకు రేటు

గవర్నర్‌పేటలో నేను రోజూ టీ తాగే దుకాణానికి బీసెంట్ రోడ్డు చీరల షావుకారు ఒకరు వస్తుంటారు. మొన్న ఆయన, ఆషాఢంలో భార్యను పుట్టింటికి పంపిన కొత్త పెళ్లికొడుకులా దిగులుగా కూర్చున్నారు. ఏమైందని అడిగితే గోడ మీది టీవీ వైపు చెయ్యి చూపించారు.

తెర నిండా ఒక హంతకుడు. ముఖం చుట్టూ ఎర్ర గీత, పక్కన బాణం గుర్తు, వెనక డప్పుల మోత. అడుగున వేలెడు పట్టీలో షావుకారుగారి ఆషాఢం తగ్గింపు చీమల బారులా పాకుతోంది. ఆ పట్టీకి ఆయన డబ్బు కట్టారు, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా కట్టారు. పైనున్నవాడు పొద్దున్నుంచీ ఒక్క రూపాయి కట్టకుండా తెరంతా పరుచుకున్నాడు.

చిన్న వ్యాపారికి ఇంతకు మించిన అన్యాయం ఉంటుందా? ప్రకటనలకు ధరల పట్టిక ఉన్నప్పుడు అది అందరికీ వర్తించాలి. పేరు కోసం చంపేవాడికి పేరు కావాలి. భయపెట్టడానికి చంపేవాడికి ఆ భయం ఇంటింటికీ చేరాలి. రెండు సరుకులూ ఒకే చోట దొరుకుతున్నాయి, అదీ ఉచితంగా. అతడు చదివిన బడి, తిన్న టిఫిను, వేసుకున్న చొక్కా రంగు సహా అన్నీ చెప్పారు. స్టూడియో నేల మీద మనిషి ఆకారం గీసి, యాంకరు దాని చుట్టూ ప్రదక్షిణ కూడా చేశాడు. నైవేద్యం ఒక్కటే తక్కువ.

ఈ బేరం కొత్తది కాదు. క్రీస్తుపూర్వం 356లో ఎఫెసస్ అనే గ్రీకు నగరంలో ఒకడు పేరు కోసం ఆర్టెమిస్ దేవత ఆలయానికి నిప్పు పెట్టాడు. వాడి పేరెత్తితే మరణశిక్ష అని ఆ ఊరివాళ్లు శాసించారు. థియోపాంపస్ అనే చరిత్రకారుడు ఆగలేక రాసేశాడు. వాడు హెరోస్ట్రాటస్ అని మనకు అలా తెలిసింది. చూశారా, నేనూ రాసేశాను! రెండువేల మూడువందల ఏళ్ల తరువాత బెజవాడ నుంచి వాడికి నా వంతు చందా.

సేవాభావంలో మన చానళ్లవాళ్లు 2008 నవంబరులో ముంబయిలో శిఖరం చేరారు. ఉగ్రవాదులు చొరబడ్డ నారిమన్ హౌస్ మీద కమాండోలు హెలికాప్టర్ నుంచి దిగుతుంటే దేశమంతటికీ ప్రత్యక్షంగా చూపించారు. ఉగ్రవాదులను ఫోన్‌లో నడిపిస్తున్న పాకిస్తాన్‌లోని పెద్దలు కూడా టీవీ చూస్తూనే ఆదేశాలిచ్చారు. ఇది వాక్ స్వాతంత్ర్యం కిందికి రాదని 2012లో సుప్రీంకోర్టు చానళ్లను తలంటింది. అలాంటి పోరు జరుగుతుండగా ప్రత్యక్ష ప్రసారం కూడదని 2015లో నియమం వచ్చింది. మామూలు హత్యలకు ఆ ఇబ్బంది లేదు కనుక పరిశ్రమ క్షేమంగా ఉంది.

ఆ తరువాత మధ్యవర్తి కూడా దండగ అయ్యాడు. 2019 మార్చిలో న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరం మసీదుల్లో 51 మందిని చంపినవాడు తన చానల్ తానే పెట్టుకుని ఫేస్‌బుక్‌లో ప్రసారం చేశాడు. మొదటి రోజే 15 లక్షల కాపీలు తొలగించామని ఆ సంస్థ చెప్పింది. వాడి పేరు తన నోట పలకనని అక్కడి అప్పటి ప్రధాని జెసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో ప్రకటించారు. వ్యాపారం తెలియని మనిషి. యాంకరు ఉద్యోగానికి పనికిరారు.

(మన ఊరికీ ఈ లబ్ధి కొంత అందింది. పొరుగువాళ్లకు బెజవాడ అనగానే దుర్గమ్మ కంటే ముందు రౌడీలు గుర్తుకొస్తారు. ఆ ప్రచారానికీ ఇంతవరకు బిల్లు రాలేదు.)

కనుక నా కోరిక ఒకటే. హంతకులకు సెకనుకింత అని రేటు పెట్టండి, ముందుగా అడ్వాన్సు కట్టించుకోండి. కట్టలేనివాడి ముఖం వేయకండి. దసరా నాటికి షావుకారుగారికి తెర మీద కాస్త చోటు దొరుకుతుంది.

ఈ పథకం వినిపిస్తుంటే, టీ అందిస్తున్న కుర్రవాడు భుజం మీది తువ్వాలు ముఖానికి కట్టుకుని తెరమీదివాడిలాగే నడిచి చూపించాడు. నడక అచ్చం దిగింది. అందరం నవ్వాం. షావుకారుగారు మాత్రం గ్లాసు కింద పెట్టి అడిగారు.

“ఇంతకీ పాపం, చచ్చిపోయినవాడి పేరేమిటి?”

ఎవరికీ తెలియలేదు. టీ దుకాణం ఆయన గిన్నెలో చక్కెర తిప్పుతూ అన్నాడు.

“కింద పట్టీలో వస్తుంటే చదువుతున్నానండీ. సగంలో ఉండగా మీ చీరలు వచ్చేశాయి.”