నష్టమొస్తే అసాధ్యమైనట్టేనా?

మాటిచ్చి పంట వేయించినవారు, తీరా పంట చేతికొచ్చాక "కొనడం మా వల్ల కాదు, సాధ్యపడదు" అని తప్పుకోవడం ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఆనవాయితీగా మారుతోంది. 2025లో నల్లబర్లీ పొగాకు రైతులు ఈ మాట విన్నారు. అదే ఏడాది ఆగస్టులో మన ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరగానే రొయ్య రైతులూ విన్నారు. ఆ రెండు కథలూ పాఠకులకు తెలిసినవే. ఆ మాటను నిలదీసేవారు లేకపోవడమే మా ఆందోళన.

ధరలు విదేశీ మార్కెట్ చేతిలో ఉంటాయనీ, ఎగుమతి ఆగితే గోదాముల్లో సరుకు పేరుకుపోయి వడ్డీ మీద పడుతుందనీ వ్యాపారులు అంటున్నారు. నిజమే కావచ్చు. కానీ దాన్ని నష్టం అంటారు. అసాధ్యం అనరు.

చట్టం ఈ తేడాను ఎప్పుడో తేల్చింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం జరగని పనికి చేసుకున్న ఒప్పందం చెల్లదు. మంత్రబలంతో నిధి తీసిస్తానని ఒప్పుకోవడం లాంటిదన్నమాట. ఈ ఉదాహరణ చట్టంలోనే ఉంది. ఒప్పందం తర్వాత తమ చేతిలో లేని కారణంతో పని అసాధ్యమైనా అంతే. అయితే ఆ తలుపు ఎంత ఇరుకో కోర్టులు మళ్లీ మళ్లీ చెప్పాయి. రెండో ప్రపంచ యుద్ధంలో కలకత్తాలో ఒక లేఅవుట్ భూమిని ప్రభుత్వం సైనిక అవసరాలకు తీసుకుంది. ప్లాట్లు అమ్మిన కంపెనీ ఇక ఒప్పందం రద్దయినట్టేనంది. కుదరదని సుప్రీంకోర్టు 1953లో తేల్చింది. సైన్యానికి నెయ్యి సేకరించిపెట్టే ఏజెంట్లు యుద్ధంతో ఖర్చులు పెరిగాయన్నారు. భారం పెరిగినంత మాత్రాన ఒప్పందం మారదని 1960లో చెప్పింది. ఇండోనేషియా బొగ్గు ధర పెరిగిందని విద్యుత్ కంపెనీలు వెళ్లినా 2017లో అదే జవాబు. యుద్ధమే చాలనప్పుడు, ధర పడిపోవడం ఎలా చాలుతుంది?

అదే 56వ సెక్షన్‌లో మరో వాక్యం ఉంది. ఆ పని జరగదని ముందే తెలిసినా, కాస్త శ్రద్ధ పెడితే తెలిసేదే అయినా, తెలియని అవతలివారిని నమ్మించి ఒప్పందం చేసుకున్నవాడు నష్టపరిహారం కట్టాలి. విదేశాల్లో ఎంత నిల్వ ఉందో, ఎంత గిరాకీ ఉందో తెలిసేది కంపెనీకా, నాగులుప్పలపాడు రైతుకా? పొగాకు వేయమని ఊరూరా తిరిగినప్పుడు ఆ లెక్కలు ఎవరి దగ్గర ఉన్నాయి?

వర్జీనియా పొగాకైతే ఒంగోలు, టంగుటూరు, కందుకూరు వేలం కేంద్రాల్లో పొగాకు బోర్డు కళ్లెదుట అమ్ముడుపోతుంది. బర్లీకి ఆ రక్షణ లేదు, ఏజెంటు నోటిమాటే దిక్కు. ఇంట్లో పట్టాలు కప్పి దాచిన బేళ్లకు తేమ తగిలి ఆకు రంగు మారే కొద్దీ రేటు ఇంకా దిగుతుంది. రొయ్యల గుంటల దగ్గర ఇంకా దారుణం. పట్టుబడి రోజు వల దిగాక, ఐసు ట్రేలతో లారీ గట్టు మీదకొచ్చాక, ఫోన్లో ఒప్పుకున్న కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి కట్టే ధర) ఇప్పుడు కుదరదంటారు. పట్టిన రొయ్యను తిరిగి గుంటలో వదలలేరు. ఇంకో వారం ఆగుదామంటే మేత ఖర్చు, ఏరేటర్ల కరెంటు బిల్లు, వైట్‌స్పాట్ తెగులు వస్తుందేమోనన్న టెన్షన్. అది తెలిసే ఆ మాట ఆ నిమిషంలో అంటారు.

మరి రైతు ఇదే మాట అంటే ఎవరైనా వింటారా? 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు నారుమళ్లు మునిగినప్పుడు, కౌలు కట్టడం సాధ్యం కాదని కౌలు రైతు అంటే ఊరుకున్నారా? చట్టం కూడా అతని పక్కన లేదు. దేశ విభజన అల్లర్ల వల్ల కౌలుకు తీసుకున్న భూమిని సాగు చేయలేకపోయానని, కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని ఒకాయన సుప్రీంకోర్టుదాకా వెళితే, కౌలుకు 56వ సెక్షన్ వర్తించదని 1968లో తేల్చారు. నిజంగా అసాధ్యమైన చోట సన్నకారు మనిషికి దొరకని మినహాయింపు, లాభం తగ్గిన కంపెనీకి అడగకుండానే దొరకడం ఏం న్యాయం?

బర్లీని చివరికి సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్ చేత ప్రభుత్వం కొనిపించింది. రైతును ఆదుకోవడం మంచిదే. కానీ ఒకరు తప్పిన మాటకు ప్రజల సొమ్ము జమానతు అయింది. ఇది ఒకసారి చెల్లితే మరోసారీ చెల్లుతుంది. రేపు ధాన్యం వ్యాపారి అంటాడు, ఎల్లుండి నిమ్మ వ్యాపారి అంటాడు. రేటు పెరిగితే ఒప్పందం, తగ్గితే అసాధ్యం అన్న పద్ధతి స్థిరపడిపోతుంది.

కాబట్టి నోటిమాటలు చాలిక. పంట వేయించే ప్రతి కొనుగోలుదారు ఎంత కొంటాడో, కనీసం ఏ రేటుకు కొంటాడో సాగుకు ముందే రాసిచ్చి, ఆ ప్రతి రైతు సేవా కేంద్రంలో ఉంచాలి. సాధ్యం కాదన్నవాణ్ని కలెక్టర్లు పిలిచి, ఎందుకు కాదో లెక్కలతో చూపమనాలి. పంచాయితీ పెట్టి, "ఎంతొస్తే అంతకు ఇచ్చెయ్యి" అని రైతుకే నచ్చజెప్పే పని అధికారులు ఇకనైనా మానుకోవాలి. వారికి జీతమిస్తున్నది కంపెనీలు కాదు.