ఊరికే ఇస్తే వద్దు, క్రాక్ అయితే ముద్దు

ఇంటి కంప్యూటర్‌కూ చిన్న వ్యాపారానికీ పనికొచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం ఎలాగన్న విషయం మీద లోకంలో చాలామంది ఇంకా తలలు పట్టుకుని కూర్చున్నారు కానీ, మన పట్టణాలు ఆ చిక్కును ఏనాడో విప్పేశాయి. మనవారి సిద్ధాంతం ప్రకారం మంచి సాఫ్ట్‌వేర్‌కు రెండు లక్షణాలు ఉండి తీరాలి: దాని ఖరీదు వేలల్లో ఉండాలి, అది మన చేతికి పైసా ఖర్చు లేకుండా రావాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ సరుకు పనికిరాదు. డబ్బు పెట్టి కొన్నవాడు లోకజ్ఞానం లేనివాడు. తయారుచేసినవారే ఊరికే తీసుకోండని ఇస్తే అందులో ఏదో లోపం ఉండి ఉంటుంది. ఇక మర్యాదస్తుల ఇంట ఉండదగినది క్రాక్ చేసిన, అంటే లైసెన్సు తాళం పగలగొట్టి దొడ్డిదారిన తెచ్చిన ఖరీదైన సరుకొక్కటే.

ఈ సిద్ధాంతం ఆచరణలోకి వచ్చేది కొత్త లాప్‌టాప్ పెట్టె విప్పిన రోజున. విండోస్ ధర కలిసొస్తుందని, దాని పనే ఊరికే చేసిపెట్టే లినక్స్‌తో వచ్చే లాప్‌టాప్‌ను ఎంచుకునేదాకా మనం పొదుపరులమే. ఆ తరువాత హార్డ్‌వేర్ కుర్రవాడు జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, చట్టప్రకారం మనకు చెందిన ఆ వ్యవస్థను తుడిచేసి, చట్టప్రకారం మనకు చెందని విండోస్‌ను ప్రతిష్ఠిస్తాడు. ఎందుకయ్యా అని అడిగితే, "అందులో ఏమీ రాదు సార్" అంటాడు. ఆ ఇంట్లో జరగవలసిన పనులు పిల్లవాడి ప్రాజెక్టు రిపోర్టు, నెల ఖర్చుల పట్టిక, ఉద్యోగానికి పంపే బయోడేటా. ఈ మూడింటినీ చేయగల లిబ్రేఆఫీస్ 2010 నుంచి ఉచితంగా దొరుకుతూనే ఉంది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది, కావాలంటే మెనూలను తెలుగులోనే చూపిస్తుంది. బాగా హంగులున్న వర్డ్ ఫైలు అందులో కాస్త చెదురుతుందన్నది నిజమే. మన బయోడేటాలలో చెదరడానికి అంత అమరిక ఎక్కడుందో మాత్రం నాకు తెలియదు.

సినిమాలు చూపించే వీఎల్‌సీ ఒక్కటే ఈ నియమానికి మినహాయింపు. ఫ్రాన్స్‌లో ఇంజినీరింగ్ విద్యార్థులు మొదలుపెట్టిన ఆ ప్రోగ్రామును 2001 నుంచి అందరికీ ఊరికే ఇస్తున్నారు. ఏ ఫైలు ఇచ్చినా బొమ్మ పడుతోంది కనుక దాని కులగోత్రాలు ఎవరూ అడగలేదు. ఫైళ్లను కుదించి ఒక మూటగా కట్టే విన్‌రార్ విషయంలో మన నిష్ఠ ఇంకా గొప్పది. అది 40 రోజులు వాడి చూడమంటుంది, గడువు దాటాక కొనమని బతిమాలుతూనే పని కూడా చేసిపెడుతుంది, మనం ఏళ్ల తరబడి ఆ విన్నపాన్ని వినయంగా మూసివేస్తాం. అదే పనిని 1999 నుంచి ఉచితంగా చేస్తున్న సెవెన్‌జిప్‌కు మన కంప్యూటర్లలో చోటు లేదు, బతిమాలనివారికి విలువేముంటుంది?

వ్యాపారంలోకి వచ్చేసరికి సిద్ధాంతం మరింత గంభీరమవుతుంది. చిట్టా, ఆవర్జాల స్థానంలో మన బజార్లకు వచ్చిన ట్యాలీ 1986లో బెంగళూరులో మొదలైన సంస్థది. రోజుకు వంద బిల్లులు కొట్టి, గోదాములో నిల్వలు చూసుకుని, జీఎస్టీ రిటర్నులు పంపవలసిన హోల్‌సేల్ వ్యాపారికి దాని లైసెన్సుకు పెట్టే ఇరవై వేల పైచిలుకు దండగ కాదు, పెట్టుబడే. లైసెన్సు లేనివారు నేర్చుకోవడానికని ఆ సంస్థే ఒక ఉచిత పద్ధతిని కూడా ఉంచింది. అందులో నెలకు 1, 2, 31 తేదీలలో మాత్రమే లావాదేవీలు నమోదు చేయవచ్చు. ఈ సదుపాయంతోనే దుకాణం నడిపే మహానుభావుల లెక్కలు పరిశీలిస్తే, వారి ఊళ్లో జనం నెల పొడుగునా ఉప్పు, పప్పు ముట్టకుండా ఉండి, ఒకటో తారీఖున ఒక్కసారిగా కొట్టు మీద పడతారని చరిత్రకారులు నమోదు చేయవలసి వస్తుంది.

ఏడాదికి కోటిన్నర లోపు టర్నోవరు ఉన్న వ్యాపారుల కోసం 2019లో జీఎస్టీ పోర్టల్‌ను నడిపే జీఎస్టీ నెట్‌వర్కే కొన్ని సాఫ్ట్‌వేర్ సంస్థలను కలుపుకుని బిల్లింగ్, అకౌంటింగ్ ప్రోగ్రాములను ఉచితంగా ఇచ్చింది. పన్ను వసూలు చేసేవారు లెక్కల పుస్తకం ఊరికే ఇస్తామంటే దానిని ముట్టుకోకపోవడంలో మన వ్యాపారి వివేకాన్ని నేను తప్పుపట్టలేను. అయితే ఆ అనుమానంతో అతడు తన లెక్కలన్నీ తీసుకెళ్లి, ఎవరు తయారుచేశారో, లోపల ఏముందో తెలియని క్రాక్ ప్రోగ్రాములో భద్రపరుస్తాడు. ప్రభుత్వం చూస్తుందేమోనన్న భయం ఉన్నవాడికి, పేరూ ఊరూ లేనివాడు చూస్తే ఫరవాలేదన్న ధైర్యం ఎలా వచ్చిందో మనస్తత్వ శాస్త్రజ్ఞులు తేల్చాలి.

సిద్ధాంతానికి నిజమైన గర్భగుడి మాత్రం శుభలేఖలూ పుస్తకాలూ కంప్యూటర్‌లో కూర్చిపెట్టే డీటీపీ సెంటర్. అక్కడ కాలం 2001లో ఆగిపోయింది. ఆ ఏడాది వచ్చిన, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0 తరువాత మరో పేజ్‌మేకర్ రాలేదు. తయారుచేసిన అడోబీ సంస్థే దానిని వదిలేసి, అదే పని చేసే తన ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. మరుసటి ఏడాది వచ్చిన ఫోటోషాప్ 7.0 పక్క కంప్యూటర్‌లో పెళ్లి ఆల్బములు చేస్తూనే ఉంది. అన్ని భాషల అక్షరాలకూ ఏ యంత్రంలోనైనా చెల్లే సంకేతాలిచ్చే యూనికోడ్ పేజ్‌మేకర్‌కు తెలియదు కనుక, అందులో కొట్టిన తెలుగు తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఇంగ్లిషు అక్షరాలూ చిహ్నాలే ఉంటాయి. ఆ ఫాంటు లేని మరో యంత్రంలో తెరిస్తే, వధూవరుల పేర్ల స్థానంలో ఇంగ్లిషు అక్షరాలూ డాలరు గుర్తులూ కలగాపులగమై ప్రత్యక్షమవుతాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గిడుగు వంటి చక్కని యూనికోడ్ ఫాంట్లను ఎవరైనా ఎంచక్కా ఊరికే దింపుకోవచ్చు. పేజీలు కూర్చడానికి స్క్రైబస్ ఉంది, అదీ ఉచితమే. ఇన్ని ఉచితాలు ఒకచోట చేరితే మన సెంటర్ యజమానికి అనుమానం బలపడక మానదు.

ఇందులో నష్టపోయేది యజమాని కాదు. పదిహేనేళ్ల క్రితం మూడు వందల పేజీల పుస్తకం కొట్టించుకున్న ఊరి కవిగారు ఇప్పుడు మలి ముద్రణ వేద్దామనుకుంటే, ఆ ఫైలూ, ఆ ఫాంటూ, ఆ పాత యంత్రమూ ముగ్గురూ బతికి ఉండాలి. పాత ఫాంటులోంచి యూనికోడ్‌లోకి మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి కానీ, తరువాత ఒత్తులను ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్‌నైనా ఎంచుకునే ముందు, రేపు దీన్ని వదిలేస్తే నా ఫైళ్లు నాతో బయటికి వస్తాయా అని అడగడం ఇతర దేశాలలో చాదస్తపు అలవాటు, మన దగ్గర అడిగే ప్రశ్న "ఇది లైఫ్‌టైమేనా?" అన్నదొక్కటే.

క్రాక్ వేసే విధానం కూడా గమనించదగినది. యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రాము ముందుగా యాంటీవైరస్‌ను ఆపమని ఆజ్ఞాపిస్తుంది, మనం భక్తితో ఆపుతాం. కాపలావాడికి సెలవిచ్చి, వచ్చినవాడిని సంచి వెదకకుండా లోపలికి పంపడం వంటిదే ఇది. ఆ తరువాత, విండోస్ నకిలీదని బయటపడకుండా అప్‌డేట్లను కూడా ఆపేస్తారు. 2017 మే నెలలో వాన్నాక్రై అన్న వైరస్ ప్రపంచమంతా ఫైళ్లకు తాళాలు వేసి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దానిని ఆపగల మరమ్మతును, అంటే అప్‌డేట్‌ను, మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. ఆ మరమ్మతు ధర కూడా సున్నాయే, కనుక దానిని తీసుకోని యంత్రాలు లోకంలో కోకొల్లలు.

చట్టం ఈ సంప్రదాయం పట్ల కొంత కఠినంగానే ఉంది. కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసే కంప్యూటర్ ప్రోగ్రామును వాడినవారికి 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. లాభాపేక్షతోనో వ్యాపారంలోనో వాడలేదని తేలితే కోర్టు జైలు తప్పించి, 50 వేలకు మించని జరిమానాతో వదిలేయవచ్చు. అంటే ఇంట్లో వాడేవారికి కనికరం ఉంది, కొట్లో వాడేవారికి లేదు. మన వ్యాపారి మాత్రం కొట్టును ఇంటికన్నా ఎక్కువ ప్రేమిస్తాడు.

ఇక బ్యాకప్. లెక్కలను సీ డ్రైవ్‌లోంచి డీ డ్రైవ్‌లోకి కాపీ చేయడాన్ని మనవారు బ్యాకప్ అంటారు. రెండూ ఒకే హార్డ్ డిస్క్‌లో ఉన్నాయన్నది సాంకేతిక వివరం మాత్రమే. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం చెబుతుంది. ఆ డిస్క్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అది ఒకనాడు కన్ను మూస్తుంది. హార్డ్‌వేర్ కుర్రవాడు అదే పెన్‌డ్రైవ్‌తో వచ్చి, కొత్త డిస్క్‌లో అవే క్రాక్‌లు వేసి, వెయ్యి అడిగి ఆరు వందలు పుచ్చుకుని వెళ్తాడు. ఆడిటర్ గారు పాత లెక్కలు ఏవండీ అని అడిగితే, యజమాని ఏమాత్రం చలించకుండా గల్లాపెట్టె కింది అర లాగి, కంప్యూటర్ మీద గురి కుదరక ఇన్నేళ్లుగా గుమాస్తా చేత రాయిస్తున్న ఎర్రట్ట ఆవర్జాలను బల్ల మీద పేరుస్తాడు. లెక్కల కోసం ఆ కొట్టువారు బేరమాడకుండా రొక్కమిచ్చి కొన్నవి అవే.