ఆరిన్ హ్యాచ్ పిల్లల ఇన్సూరెన్స్‌కి జీవితాంతం అడ్డుపడ్డాడా? ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత

2017 చివర్లో ట్విట్టర్లో పుట్టిన ఒక మాట ఇంకా చావలేదు, అమెరికా ఎన్నికల టైమొస్తే చాలు మళ్లీ ఫోన్లోకి వచ్చి పడుతుంది. దాని సారాంశం ఇదీ: యూటా రిపబ్లికన్ సెనేటర్ ఆరిన్ హ్యాచ్‌ని పేద పిల్లల ఇన్సూరెన్స్ సంగతేంటని అడిగితే, వేలు కూడా కదపని వాళ్లకి వేల కోట్లు పెట్టడం నాకు ఇష్టం లేదన్నాడు, ఆయన మొదట్నుంచీ ఆ ప్రోగ్రామ్‌కి వ్యతిరేకంగానే ఓటేశాడు, చివరికి దాన్ని మూసేయించి ఆ డబ్బు డబ్బున్నోళ్ల టాక్స్ తగ్గించడానికి మళ్లించాడు.

నాకు హ్యాచ్ మీద ప్రేమేం లేదు, ఆయన 2022లో పోయారు కూడా, ఆయన్ని వెనకేసుకొచ్చి నాకొచ్చేదేం లేదు. కానీ తిట్టదలుచుకుంటే తిట్టడానికి పనికొచ్చే ఓటు ఒకటుంది, ఈ ఫార్వర్డ్ దాన్ని వదిలేసి లేనివన్నీ పట్టుకుంది, అదే నా బాధ.

ముందు ఆ ప్రోగ్రామ్, అంటే చిప్, ఏంటో రెండు ముక్కల్లో. చిల్డ్రన్స్ హెల్త్ ఇన్సూరెన్స్ ప్రోగ్రామ్. ఇంట్లో ఆదాయం మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) రావడానికి ఎక్కువ, బయట ఇన్సూరెన్స్ కొనుక్కోవడానికి తక్కువ, అలాంటి ఇళ్లలో పిల్లలకి ఇది. సుమారు 90 లక్షల మంది పిల్లలు దీని మీద ఉన్నారు అప్పటికి. డబ్బు ఎక్కువ భాగం కేంద్రం ఇస్తుంది, నడిపేది స్టేట్లు.

ఇప్పుడు ఆ "వేలు కదపని వాళ్లు" మాట. ఆయన ఆ మాట అన్నది నిజమే. 2017 నవంబర్ ఆఖర్లో టాక్స్ తగ్గింపు బిల్లు మీద సెనేట్‌లో వాదన నడుస్తుంటే ఒహాయో సెనేటర్ షెరాడ్ బ్రౌన్ చిప్ ఊసెత్తాడు, దానికి జవాబుగా హ్యాచ్ అన్నాడు. అయితే అదే జవాబులో అంతకు ముందే చిప్‌ని మనం చేసి తీరతాం అన్నాడు, నిజంగా అవసరమున్న వాళ్లకి అది చాలా బాగా పనిచేసిందన్నాడు, తమ కాళ్ల మీద తాము నిలబడలేని వాళ్లకి సాయం చెయ్యాల్సిందే అన్నాడు, ఆ తర్వాత వచ్చింది ఈ వాక్యం, అదీ మొత్తం ప్రభుత్వ ఖర్చు గురించి. ఒక టీవీ యాంకర్ ట్వీట్‌లో ముందు వెనకలు పోయి ఆ ముక్కలే మిగిలాయి, అక్కణ్ణుంచి పిల్లల్నే సోమరిపోతులన్నాడు అని జనంలోకి వెళ్లిపోయింది. పిల్లల్ని అనలేదు. కానీ పిల్లల ఇన్సూరెన్స్ గురించి అడిగినప్పుడు ఆ పాట ఎత్తుకోవడం ఏంటి అంటారా, అది నేనూ ఒప్పుకుంటా, వినడానికి చాలా ఛండాలంగా ఉంది. అలా అని ఆయన అననిది అన్నాడని రాయలేం కదా.

"మొదట్నుంచీ వ్యతిరేకంగానే ఓటేశాడు" అట. ఇది రాసినోడు 1997 సంగతి ఒక్కసారి కూడా చూసుండడు. అసలు ఈ ప్రోగ్రామ్ పుట్టిందే హ్యాచ్, డెమొక్రాట్ సెనేటర్ టెడ్ కెనడీ కలిసి తెచ్చిన ప్రతిపాదన నుంచి. ఉప్పూ నిప్పూ లాంటి ఇద్దరు. సిగరెట్ ప్యాకెట్ మీద 43 సెంట్లు పన్ను పెంచి ఆ డబ్బుతో పిల్లలకి ఇన్సూరెన్స్ ఇద్దామన్నారు, హ్యాచ్ సొంత పార్టీ లీడర్లు మండిపడ్డారు, తమాషా ఏంటంటే క్లింటన్ వైట్‌హౌస్ కూడా రిపబ్లికన్లతో కుదిరిన బడ్జెట్ ఒప్పందం ఎక్కడ చెడుతుందో అని దానికి ఎదురు తిరిగింది, ఆ మేలో సెనేట్‌లో 55-45 తేడాతో పోయింది. వీళ్లు వదల్లేదు, చివరికి ఆ వేసవిలోనే బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ చట్టంలో పిల్లల ఇన్సూరెన్స్ చేరింది, ఆగస్ట్ 5న క్లింటన్ సంతకం పెట్టాడు. అందుకే హ్యాచ్ తర్వాత తర్వాత చిప్‌ని నేనే కనిపెట్టాను అని చెప్పుకునేవాడు. అది కూడా కాస్త ఓవరే, కెనడీ లేకుండా అది జరిగేది కాదు.

2007 ఇంకా స్పష్టం. 5 ఏళ్లకి అదనంగా 35 బిలియన్ డాలర్లు పెట్టి చిప్‌ని పెంచుదామని బిల్లు, మళ్లీ సిగరెట్ పన్ను మీదే, ఈసారి 61 సెంట్లు. సెనేట్‌లో 67-29తో పాసైంది, హ్యాచ్ అవునని ఓటేశాడు, ఇంకో రిపబ్లికన్ సెనేటర్ గ్రాస్లీతో కలిసి ఆ డీల్ కుదిర్చిన వాళ్లలో ఆయనొకడు. అక్టోబర్ 3న బుష్ వీటో చేశాడు. తన పార్టీ ప్రెసిడెంట్ అయినా హ్యాచ్ ఇది తప్పని బయటికే చెప్పాడు. వీటోని కొట్టెయ్యడానికి ముందు హౌస్‌లో (దిగువ సభలో) ఓటింగ్ పెడితే 273-156 వచ్చింది, మూడింట రెండొంతులకి 13 తక్కువ, ఇక సెనేట్ దాకా రానే లేదు. మరి ఇక్కడ వ్యతిరేకంగా ఓటేసింది ఎవరు?

తర్వాతది, "మూసేయించాడు". చిప్ ఎప్పుడూ మూతపడలేదు. జరిగిందేంటంటే 2017 సెప్టెంబర్ 30తో దాని ఫండింగ్ గడువు అయిపోయింది, కాంగ్రెస్ (అక్కడి పార్లమెంట్) పొడిగించలేదు, స్టేట్లు చేతిలో మిగిలిన డబ్బుతో లాక్కొచ్చాయి. కొలరాడో, వర్జీనియా లాంటి చోట్ల తల్లిదండ్రులకి లెటర్లు వెళ్లాయి, మీ పిల్లల కవరేజ్ ఆగిపోవచ్చు, వేరే దారి చూసుకోండి అని. క్రిస్మస్ ముందు అలాంటి లెటర్ అందుకున్న ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ జాప్యానికి హ్యాచ్ జవాబుదారీయే, అప్పుడు ఫైనాన్స్ కమిటీ ఛైర్మన్ ఆయనే. డెమొక్రాట్ రాన్ వైడెన్‌తో కలిసి 5 ఏళ్ల పొడిగింపు బిల్లు రాశాడు, కమిటీలో అక్టోబర్ 4న పాస్ చేయించాడు, అంటే అప్పటికే గడువు దాటి 4 రోజులు. ఆ తర్వాత ఆ బిల్లు కదల్లేదు, టాక్స్ బిల్లు మాత్రం పరిగెత్తింది. ప్రాధాన్యం దేనికిచ్చారో కనిపిస్తూనే ఉంది, ఈ మాట అంటే నేను కాదనను. కానీ 2018 జనవరి 22న 6 ఏళ్లకి పొడిగించారు, ఫిబ్రవరిలో ఇంకో 4 ఏళ్లు కలిపారు.

"చిప్ డబ్బు టాక్స్ తగ్గింపుకి మళ్లించాడు" అన్నది కూడా తప్పే, అలాంటి మళ్లింపేదీ ఆ చట్టంలో లేదు. ఇక్కడ హ్యాచ్‌ని పట్టుకోవాల్సిన పాయింట్ వేరే. చిప్‌కి కష్టమొచ్చింది మన దగ్గర డబ్బుల్లేకే అని అన్నది కూడా ఆయనే, అన్నది పదేళ్లలో దాదాపు ఒకటిన్నర ట్రిలియన్ డాలర్ల లోటు పెంచే ఆ టాక్స్ బిల్లుని నెత్తినేసుకుని నడిపిస్తూ. తీరా జనవరిలో కాంగ్రెస్ లెక్కల ఆఫీసు సీబీఓ చెప్పిందేంటంటే 5 ఏళ్ల పొడిగింపుకి నికరంగా అయ్యే ఖర్చు 0.8 బిలియన్ డాలర్లు, అదే 10 ఏళ్లు పొడిగిస్తే ప్రభుత్వానికి 6 బిలియన్ మిగులుతుందని. ఎందుకంటే టాక్స్ చట్టం ఇన్సూరెన్స్ లేకపోతే కట్టాల్సిన పెనాల్టీని తీసేసింది, దాంతో ఒబామాకేర్ కింద ఇన్సూరెన్స్ కొనుక్కునే మార్కెట్‌ప్లేస్‌లో ప్రీమియంలు పెరిగి సబ్సిడీ భారం పెరుగుతుంది, పిల్లల్ని అక్కడికి పంపేకంటే చిప్‌లో ఉంచితేనే చవక. డబ్బుల్లేవన్న సాకు రెండు నెలలు తిరక్కుండానే గాల్లో కలిసిపోయింది.

ఇంకొకటి, ఓట్లు లెక్కపెట్టే పద్ధతి. చిప్ ఉన్న బిల్లుకి నో అంటే పిల్లలకి నో అన్నట్టే అని ఈ ఫార్వర్డ్ తీర్మానం. సరే, అదే కొలత అందరికీ పెడదాం. 2018 జనవరి 19 రాత్రి చిప్ 6 ఏళ్ల పొడిగింపు ఉన్న తాత్కాలిక బడ్జెట్ బిల్లు సెనేట్‌కొస్తే డెమొక్రాట్లలో అయిదుగురు తప్ప మిగతా వాళ్లంతా అడ్డుకున్నారు, డ్రీమర్ల (చిన్నప్పుడే పేపర్లు లేకుండా అమెరికా వచ్చిన వాళ్ల) విషయం తేల్చలేదని. గవర్నమెంట్ షట్‌డౌన్ అయింది. 22న 81-18తో గట్టెక్కినప్పుడు నో అన్న 18 మందిలో బెర్నీ శాండర్స్, ఎలిజబెత్ వారెన్, కమలా హారిస్ ఉన్నారు, హ్యాచ్‌తో కలిసి చిప్ బిల్లు రాసిన వైడెన్ కూడా ఉన్నాడు. వైడెన్ పిల్లల ఇన్సూరెన్స్‌కి శత్రువా? ఎవడూ అలా అనడు.

ఇక నేను మొదట్లో చెప్పిన ఆ ఓటు. 2009 జనవరి 29, చిప్‌ని మళ్లీ పెంచే బిల్లు 66-32తో పాసైంది, 9 మంది రిపబ్లికన్లు కూడా అవునన్నారు, హ్యాచ్ మాత్రం కాదన్నాడు. తను పుట్టించిన ప్రోగ్రామే, 2007లో ప్రెసిడెంట్‌కి ఎదురెళ్లి నిలబడ్డదీ తనే. ఏం మారింది మధ్యలో? ప్రధానంగా ఒక క్లాజ్. 1996 వెల్ఫేర్ చట్టం ప్రకారం గ్రీన్ కార్డ్ వచ్చిన పిల్లలు కూడా మెడికెయిడ్, చిప్ కోసం 5 ఏళ్లు ఆగాలి, ఆ ఆగడం ఎత్తేసే వీలు 2009 బిల్లు స్టేట్లకిచ్చింది. లీగల్‌గా వచ్చిన పిల్లలు, దొంగచాటుగా వచ్చిన వాళ్లు కూడా కాదు. హ్యాచ్, గ్రాస్లీ దానికి ఒప్పుకోలేదు, డెమొక్రాట్లు పాత డీల్ తప్పారన్నారు. ఫిబ్రవరి 4న ఒబామా సంతకం పెట్టాడు, తర్వాతి ఏడాది వచ్చిన గైడెన్స్‌లో సరైన వీసా స్టేటస్‌లో ఉన్న పిల్లలు కూడా ఇందులోకే వస్తారని తేల్చారు. అంటే ఆ ఆప్షన్ తీసుకున్న స్టేట్‌లో, ఇంటి ఆదాయం లిమిట్‌లో ఉంటే, హెచ్4 డిపెండెంట్ వీసా మీదున్న మన తెలుగు పిల్లలకి కూడా దారి ఉంది. ఆ బిల్లుకే ఆయన నో అన్నాడు.