ఊరందరికీ తెలిశాక ఎవరికి పరీక్ష?

హత్య కేసులో అనుమానితుడికి పెట్టవచ్చంటున్న పరీక్ష ఇది. కంప్యూటర్ తెర మీద ఒక్కో మాటా వచ్చి పోతుంటుంది: తాడు, రాయి, గొడ్డలి, కత్తి, ఇనుప రాడ్డు. ముందే గుర్తుపెట్టుకోమన్న ఒక్క మాటకు 'అవును' మీట, మిగతా అన్నింటికీ 'కాదు' మీట నొక్కాలి. హత్యకు వాడింది గొడ్డలైతే, ఆ సంగతి ఎరిగినవాడూ 'కాదు' అనే నొక్కుతాడు. కాకపోతే తెలిసిన మాట కనబడి తడబడతాడు కనుక, కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆలస్యంగా. దాచిన సంగతిని ఇలా రాబట్టవచ్చన్న ఆలోచనకు 1959లో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ లిక్కెన్ పునాది వేశారు. ఆయన చేతి చెమటను కొలిచారు, ఇప్పుడు వేలి వేగాన్ని కొలిస్తే చాలంటున్నారు.

ఇది అబద్ధాన్ని వెతకదు, తెలుసా తెలియదా అన్నదే చూస్తుంది. అందుకే అబద్ధం పట్టేందుకు వాడే పాలిగ్రాఫ్ కంటే నయమని మేమూ ఒప్పుకుంటాం. శరీర స్పందనలను కొలిచే పద్ధతిలో జపాన్ పోలీసులు దీన్ని ఏళ్లుగా వాడుతున్నారు. కర్నూలు జిల్లాలో నడుస్తుందా అన్నదే మా అనుమానం.

ఎందుకంటే మన దగ్గర హత్య వివరాలు పూట కూడా దాగవు. పత్తికొండ వైపు ఏ పల్లెలోనో తెల్లారి చెరువు కట్ట మీద శవం కనబడిందంటే, క్లూస్ టీమ్, జాగిలం వచ్చేలోపే ఫొటోలు వాట్సాప్‌లో ఊళ్లు దాటేస్తాయి. ఎన్ని పోట్లు, ఏ ఆయుధం, చెప్పులు ఎక్కడ పడున్నాయి, టీ బంకు దగ్గర అడిగితే చెబుతారు. మిగిలిందేమైనా ఉంటే స్టేషన్‌లోనే అందుతుంది. 'గొడ్డలి ఎక్కడ దాచావురా?' అని గద్దించాక గొడ్డలి సంగతి తెలియనివాడు ఎవడుంటాడు? ఆపైన ప్రెస్‌మీట్: టేబుల్ నిండా పేర్చిన వేటకొడవళ్లు, సెల్‌ఫోన్లు, వెనక ముసుగుల్లో నిందితులు. ఇంత జరిగాక వేలు తడబడితే, అది చేసినందుకా, విన్నందుకా? ఏ కంప్యూటరూ తేల్చలేదు.

పైగా ప్రయోగాల్లో ఈ పరీక్షకు ఎక్కువగా కూర్చున్నది కాలేజీ విద్యార్థులు. లాకప్‌లో రాత్రంతా నిద్ర లేని, చదువు రాని, కీబోర్డు ముట్టని కూలీని వాళ్ల లెక్కతో తూచడం అన్యాయం.

నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు స్పందనలను కొలవడం) పరీక్షలను బలవంతంగా చేయరాదని 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితం దానంతటదే సాక్ష్యం కాదంది. మీట నొక్కే పరీక్షకూ ఇదే వర్తించాలి. స్టేషన్‌లో నలుగురి మధ్య నిలబెట్టి పెట్టించుకున్న సంతకాన్ని ఇష్టమని ఎవరూ అనరు. లాయర్ ఉండాలి, మేజిస్ట్రేట్ ఎదుట చెప్పాలి.

పరికరం కొనకముందే మన ఎస్పీలు చేయగల పనులున్నాయి, పైసా ఖర్చు లేనివి. శవం చుట్టూ ఫోన్లు పట్టుకున్న జనాన్ని దూరంగా నిలపాలి. బయటికి పొక్కని రెండు మూడు వివరాలను పంచనామా రోజే సీల్డ్ కవర్‌లో కోర్టుకు ఇవ్వాలి. పరీక్ష నడిపేవారికి అసలు మాట ఏదో తెలియకూడదు. ఆయుధాలు పేర్చే ప్రెస్‌మీట్లు మానేయాలి, మా ఫొటోగ్రాఫర్లకు ఒక బొమ్మ తగ్గినా సరే.